మా ఆయన పళ్ళ మధ్య నల్ల త్రికోణం

మా తమ్ముడి క్లినిక్‌లో గోడ నిండా నోళ్ళే. మనుషులు ఉండరు. ప్లాస్టిక్ కొక్కేలతో పెదవులను చెవుల దాకా సాగదీసి తీసిన ఫొటోలు జంటలు జంటలుగా వేలాడుతుంటాయి. వైద్యానికి ముందు ఒకటి, తరవాత ఒకటి. తరవాతి ఫొటోలో పళ్ళే కాదు, వెలుతురు కూడా బాగుపడి ఉంటుంది. నేను ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, ఫోన్లెత్తే మనిషిని. ఆ గోడ సరిగ్గా నాకెదురుగా ఉంటుంది. చేరిన కొత్తలో మధ్యాహ్నం డబ్బా విప్పితే భోజనం సయించేది కాదు. ఇప్పుడు అలవాటైపోయింది.

మా తమ్ముడు చిగుళ్ళ డాక్టరు. ఎవరైనా పళ్ళ డాక్టరంటే వాడికి మహా కోపం. "పళ్ళు ఎవడైనా పీకుతాడక్కా. పన్ను నిలబడేది చిగురు మీద" అంటాడు. నిజమే అయుండొచ్చు. అయితే వాడు ఏది చెప్పినా అది నిజం కావడం కంటే వాడు చెప్పడం ముఖ్యమైనట్టు ఉంటుంది. చిన్నప్పట్నించీ అంతే. వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు ఎవరైనా చూపిస్తే దాన్ని ఆపరేషన్ చేసి తీసేయగల సమర్థుడు.

ఇక మా ఆయన. ఆయన పోలీసు బ్యాండులో క్లారినెట్ వాయిద్యకారుడు. ముందు వరుసలో ఎడమ నుంచి మొదటి కుర్చీ ఆయనది. ఇంట్లో ఎంత మెతకమనిషో క్లారినెట్ నోట్లో పెట్టుకుంటే అంత దర్జా. పెళ్ళైన కొత్తలో ఆయన నాతో మాట్లాడటానికి సిగ్గుపడి, వంటింటి గుమ్మంలో నిలబడి క్లారినెట్ వాయించేవారు. అలా వాయించి వాయించే నన్ను మంచి చేసుకున్నారు.

ఒకరోజు కవాతు రిహార్సల్లో "వెనక్కి తిరుగు" అని ఆజ్ఞ అయింది. బ్యాండంతా కుడివైపు నుంచి తిరిగితే, పెద్ద డ్రమ్ము మోసే ఆయన ఒక్కడూ ఎడమవైపు నుంచి తిరిగాడు. అంత డ్రమ్మూ వచ్చి మా ఆయన క్లారినెట్ కొసకు తగిలింది. వాద్యం నోట్లో ఉన్న మనిషికి అది రోకటిపోటే. పైవరుసలో ముందు పళ్ళు రెండూ మైదానంలో రాలిపోయాయి. సాయంత్రం డ్రమ్ము ఆయన ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు చూడలేక మా ఆయనే, మాటకో తుస్సు చొప్పున, ఆయన్ని ఓదార్చి పంపారు.

తమ్ముడు మాత్రం అప్పుడు నిజంగా ఆదుకున్నాడు. కాదంటే నాకు కళ్ళు పోతాయి. దవడ ఎముకలో రెండు స్క్రూలు దించాడు. ఎముక వాటిని గట్టిగా పట్టుకునేదాకా ఓపిగ్గా ఆగి, పైన రెండు క్యాపులు బిగించాడు. పళ్ళు పాతవాటి కంటే బాగున్నాయి. బ్యాండ్ మాస్టారు చూసి, "సోమవారం నుంచి నీ కుర్చీలోకి రా" అన్నారు. మా ఆయన ఆ రాత్రి క్లారినెట్ పెట్టె తీసి, గుడ్డతో తుడిచి, ఊదేచోట కొత్త రెల్లుబద్ద రీడ్ వేసుకుని, మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నారు. మర్నాడు తమ్ముడు 'తరవాతి ఫొటో' కోసం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కొక్కేలు తగిలించాడు. అక్కడే మా కొంప మునిగింది.

రెండు పళ్ళ మధ్య చిగురు చిన్న మొనలాగా దిగి ఉంటుందిగా, దేవుడిచ్చిన పళ్ళకైతే ఆ మొన సందును కప్పేస్తుంది. మా ఆయన కొత్త పళ్ళ మధ్య ఆ మొన లేదు. దాని చోట నువ్వుగింజంత నల్లటి సందు ఉంది. ఆ సందు ఆయన నవ్వినా కనపడదు, ఆవలించినా కనపడదు. పెదవిని ముక్కు మీదికి ఎత్తిపడితే కనపడుతుంది. అలా ఎత్తిపట్టే మనిషి ఈ లోకంలో ఒక్కడే, వాడు నా తమ్ముడు.

"బావా, ఇది చూశావా?" అని అద్దం చేతికిచ్చాడు.

మా ఆయన చూశారు. కొక్కేలు తీశాక అడిగారు. "క్లారినెట్‌కి ఏమన్నా అడ్డమా?"

"అడ్డమేం కాదు."

"తినడానికి?"

"కాదు."

"మరింకేంటి బామ్మర్దీ?"

"బావా, అది నల్ల త్రికోణం" అన్నాడు తమ్ముడు, ఇంట్లో పాము దూరిందన్నంత గంభీరంగా.

ఆ తరవాత వాడు చెప్పిన పాఠం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. అసలు పన్ను పక్కనుండే ఎముక చిగురును మోస్తుందట. రెండు స్క్రూలు పక్కపక్కన దింపినచోట మధ్యలో ఎముక కుంగిపోతుందట. మోసేవాళ్ళు లేక చిగురు వెనక్కి పోతుందట. ఈ సందును పూడ్చడం ఇంతవరకు ఎవరి వల్లా నికరంగా కాలేదట. ఆ ఆఖరి ముక్క చెప్పినప్పుడు వాడి కళ్ళు మెరిశాయి. ఎవరి వల్లా కానిది అంటే మా వాడికి చేతులు దురద పెడతాయి.

"గులాబీ రంగు పింగాణీ కాస్త అతికించి సందు మూసేస్తారని విన్నానే" అన్నాను నేను.

"అది మోసం అక్కా" అన్నాడు వాడు. నన్ను చూసిన చూపుకు నేనే ఏదో దొంగ సరుకు అమ్మజూపినట్టనిపించింది.

సోమవారం ముందు వరుసలోకి వెళ్ళాల్సిన మా ఆయన మంగళవారం ఆపరేషన్ కుర్చీలోకి వెళ్ళారు. మొదటి పద్ధతిలో స్క్రూల పైనున్న చిగురును నెలవంకలా కోసి, ఆ ముక్కను తిప్పి మధ్య సందులోకి మడిచి కుట్టాడు. కుట్లు ఉన్నన్నాళ్ళు మొన నిలబడింది. కుట్లు తీశాక మెల్లిగా పక్కకు వాలి, ఎక్కడి చిగురు అక్కడికే చేరుకుంది. కుక్కతోక సామెత చెబుదామనుకుని, తమ్ముడి మొహం చూసి మానుకున్నాను.

రెండో పద్ధతికి అంగిట్లోంచి ముక్క కోశాడు. ముందు పళ్ళ పైన చిన్న గాటు పెట్టి, లోపల్లోపల సొరంగం తవ్వి, ఆ ముక్కను సొరంగంలోంచి లాగి, సందు మీదికి తెచ్చి కుట్టాడు. మా ఆయనకు ముందూ నొప్పే, అంగిట్లోనూ నొప్పే. మూడు పూటలా చల్లటి జావ. మూడో పద్ధతి, నాలుగో పద్ధతి పూర్తిగా చెప్పే ఓపిక నాకే లేదు. ఒకదానిలో క్యాపులు తీసి రోజుకింత లావైన తాత్కాలిక క్యాపులు పెడుతూ చిగురును నొక్కి ఆకారం తెప్పించబోయాడు. ఆ రోజుల్లో మా ఆయన అచ్చం కుందేల్లా ఉండేవారు. ఇంకోదానిలో సూదితో జెల్ ఎక్కించాడు. జెల్ కరిగిపోయింది, త్రికోణం మిగిలింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని పెద్దలు మా ఆయన్ని చూసే అన్నారేమో.

వీటన్నిటికీ ఒకే పథ్యం. క్లారినెట్ ముట్టకూడదు. పై పళ్ళను వాద్యం మీద ఆనించాలి కదా, ఆ అదురుకు కుట్లు కదులుతాయని. ఒక ఆపరేషన్ గాయం మానేలోపు ఇంకోటి మొదలయ్యేది కాబట్టి, ఆ పథ్యం ఏడాది దాటింది. బ్యాండ్ మాస్టారు మంచివారు కనుక మా ఆయన్ని ఇంటికి పంపకుండా, వాయించడానికి ఇత్తడి తాళాలు ఇచ్చారు. పాట ఆసాంతం చేతులు కట్టుకుని నిలబడి, చివర్లో ఒక్కసారి ఝణంగుమనిపించే ఉద్యోగం. తక్కినవాళ్ళు ఊపిరి బిగబట్టి వాయిస్తుంటే ఆయన వెనక వరుసలో నిలబడి, వాళ్ళ వేళ్ళ వంక చూస్తూ తన వేళ్ళను తాళాల అంచు మీద కదిపేవారు. నేనొకసారి చూశాను. మళ్ళీ ఆ కవాతులకు వెళ్ళలేదు.

"ఇంక చాలని చెప్పొచ్చుగా మీరు" అన్నాను ఓ రోజు.

"నా నోట్లో వాడు అంత శ్రద్ధగా పని చేస్తుంటే ఎలా చెప్తాను? పైగా నోరు వాడి చేతుల్లోనే ఉంటుందాయె" అన్నారాయన.

ఆఖరి ఆపరేషన్ మళ్ళీ సొరంగమే, అంగిలికి రెండోవైపు నుంచి ముక్క. ఈసారి కుట్లు మానేదాకా ముందు పళ్ళకు బ్రష్ తగలకూడదని చెప్పాడు. అందులో వింతేం లేదు, ఎవరికైనా అలాగే చెబుతాడు. కుట్లు తీసిన రోజున చూస్తే సందు సగం పూడి ఉంది. తమ్ముడు కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"బావా, దాన్ని ముట్టుకోకు. బ్రష్ ఇంకొన్నాళ్ళు వద్దు."

ఆ కొన్నాళ్ళు నెలలయ్యాయి. పుక్కిలించే మందునీళ్ళు కూడా ఆపించాడు. ఆ నీళ్ళతో పళ్ళ మీద మరకలు పడి ఫొటో చెడుతుందట. మొన రోజురోజుకూ కిందికి దిగింది. ఎర్రగా, నున్నగా, నిగనిగలాడుతూ సందునంతా నింపేసింది. తమ్ముడు రోజూ ఫొటో తీసేవాడు. ఊళ్ళో ఉన్న చిగుళ్ళ డాక్టర్లంతా ఒకరి తరవాత ఒకరు వచ్చి, నా బల్ల ముందు నుంచి లోపలికి వెళ్ళి, మా ఆయన నోట్లో టార్చి వేసి చూసి, నిట్టూరుస్తూ బయటికి వచ్చేవారు. కొందరు తమ పేషెంట్ల మీద కూడా ఇదే పద్ధతి, బ్రష్ మానడంతో సహా, మొదలుపెట్టారు. మావాడికి పాఠం చెప్పిన పెద్ద ప్రొఫెసరు స్వయంగా వచ్చి, భుజం తట్టి, త్వరలో జరగబోయే చిగుళ్ళ డాక్టర్ల మహాసభలో ఈ పద్ధతికి మావాడి ఇంటిపేరే పెడతామని మాటిచ్చారు. వాడి ఇంటిపేరంటే నా పుట్టింటి పేరే. అబద్ధం ఎందుకు, నా ఛాతీ కూడా కాస్త పొంగింది.

మహాసభ ఆదివారమని తేల్చారు. అదే వారం బ్యాండ్ మాస్టారు కూడా ఒక కబురు చెప్పారు. పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. చేరిన వాద్యం వాయించేవాళ్ళే బ్యాండులో ఉండాలి, వాయించనివాళ్ళు బట్టలూ బూట్లూ పంచే స్టోరు గదిలోకి మారాలి. మా ఆయన సోమవారం వచ్చి వాయించి చూపించాలి. పళ్ళు బాగుపడ్డాయి కాబట్టి ఫరవాలేదులే అని ఆయన ధైర్యం.

"ఆదివారం మీ తమ్ముడికి పరీక్ష, సోమవారం నాకు" అన్నారు నవ్వుతూ.

ఆ నవ్వులోనే నాకు వాసన తగిలింది. అప్పటికి కొన్నాళ్ళుగా అనుమానంగానే ఉంది. మొగుడి నోటి వాసన పెళ్ళానికి కాక ఇంకెవరికి తెలుస్తుంది? పొద్దున దిండు మీద ఎర్రటి చార కూడా కనిపించింది. శనివారం తమ్ముడు ఇంటికొస్తే గుమ్మంలోనే నిలదీశాను.

"బావ నోట్లోంచి వాసనొస్తోంది. రక్తం కూడా కారుతోంది. ఏంట్రా ఇది?"

"కొత్త కణజాలం కదక్కా. ఊపిరి పోసుకుంటోంది."

"రోజూ నా బల్ల ముందుకు ఎంతమంది రారు? చిగుళ్ళు ఎర్రబడ్డాయి, రక్తం కారుతోంది, వాసనొస్తోంది అంటే లోపల్నుంచి నువ్వు ఏమని కేకలేస్తావు? పళ్ళు తోముకోని నోరది, చిగుళ్ళు వాచిపోయాయి అనవూ?"

"వాళ్ళు పేషెంట్లు. ఇది కేసు" అన్నాడు వాడు.

"వాపును చూసి బలుపనుకుంటున్నావేమో చూసుకోరా నాయనా. ఇప్పుడే కూర్చోబెట్టి శుభ్రం చెయ్యి. సోమవారం ఆయన వాయించాలి."

తమ్ముడి మొహం చిన్నబోయింది. వాడు మా ఆయన వైపు తిరిగి, "బావా, రేపు సాయంత్రం దాకా. ఒక్క రోజు" అన్నాడు. చిన్నప్పుడు గాలిపటం కోసం బతిమాలిన గొంతే అది. మా ఆయన నా వంక చూసి, "పోనీలే. బావమరిది బతకగోరతాడంటారు. బావ కూడా కోరకపోతే ఎలా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ నోరు నాది కాదు కదా.

మహాసభ పెద్ద హోటలు హాల్లో జరిగింది. వేదిక మీద పళ్ళ డాక్టరు కుర్చీ, అందులో మా ఆయన, ఆయన నోటికి కొక్కేలు. వెనక గోడంత తెర. కెమెరా ఆయన ముందు పళ్ళ మీదికి తిప్పారు. ఎన్నో ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను, మా ఆయన్ని అంత పెద్దగా ఎప్పుడూ చూడలేదు. ఒక్కో పన్ను తలుపంత ఉంది. ఆ రెండు తలుపుల మధ్య మావాడి మొన ఎర్రగా ఉబ్బి వేలాడుతోంది. హాలంతా 'ఆహా' అంది. మా తమ్ముడు కర్ర పట్టుకుని తెర మీద చూపిస్తూ తన పద్ధతి వివరించాడు. బాగా మాట్లాడాడు. మా ఆయన మాట్లాడటానికేం లేదు. ఆ కొక్కేలతో మనిషి 'ఆ' తప్ప ఇంకో అక్షరం పలకలేడు.

చివర్లో పెద్ద ప్రొఫెసరు లేచి, "మొన ఎంత గట్టిగా ఉందో కూడా చూపించు నాయనా" అన్నారు. తమ్ముడు చిగురు లోతు కొలిచే, కొస మొద్దుగా ఉండే సన్నటి ఇనప పుల్ల తీసుకుని ఆ మొనకు ఆనించాడు. ఆనించాడంతే, గుచ్చలేదు.

మొన పక్కనుంచి రక్తం ఊరింది. తెర మీద ఆ చుక్క గుమ్మడికాయంత అయి, పన్ను మీదుగా మెల్లిగా కిందికి జారింది.

అక్కడున్న వందలమందీ చిగుళ్ళ డాక్టర్లే. ముట్టుకుంటే రక్తమొచ్చే చిగురు వాచిన చిగురని వాళ్ళు చదువుకున్న మొదటి పాఠం. రోజూ పేషెంట్లను వాళ్ళు కసిరేది ఆ పాఠం పట్టుకునే. నేను తమ్ముడి మొహం చూశాను. నెత్తురు చుక్క లేదు. నెలల తరబడి వాడు చూడనిది ఆ క్షణాన వాడికి కనపడింది. వాడు నోరు తెరిచాడు. చెప్పబోతున్నాడని నాకు తెలిసిపోయింది, కుర్చీలోంచి సగం లేచాను.

ఈలోగా పెద్ద ప్రొఫెసరు మైకు అందుకున్నారు. "చూడండి, ఎంత రక్తప్రసరణో. అతికించిన ముక్కలో ఇంత జీవం నా సర్వీసులో చూడలేదు" అన్నారు. పాపం ఆయనా ఏం చేస్తారు, పొద్దున ప్రారంభోపన్యాసంలో ఆ మొనను పొగిడి పొగిడి ఉన్నారు. ముందు వరుసలో చప్పట్లు మొదలై వెనక దాకా పాకాయి. తమ పేషెంట్ల మీద మొదలుపెట్టినవాళ్ళు అందరికంటే గట్టిగా కొట్టారు.

తమ్ముడు మా ఆయన వంక చూశాడు. మా ఆయన కొక్కేల పైనుంచి వాడి వంక చూశారు. వాడు తెరిచిన నోరు మూసుకుని, సభకు వంగి దణ్ణం పెట్టాడు.

నాకు సిగ్గేసింది. తమ్ముడని సిగ్గేసింది, చేత్తో పెంచానని సిగ్గేసింది. హాలు బయట వరండాలో వాణ్ణి పట్టుకుని ఆ మాటే మొహం మీద అన్నాను. "నాకు తెలుసక్కా" అన్నాడు వాడు. మా ఆయన చెయ్యి పట్టుకుని, వరండాలోనే టూత్‌బ్రష్‌లు అమ్మే కంపెనీ వాళ్ళ స్టాలులో, ప్రదర్శనకు పెట్టిన పళ్ళ కుర్చీలో కూర్చోబెట్టాడు. పనిముట్లు అరువు తీసుకుని అక్కడికక్కడే శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. చుట్టూ డాక్టర్లు మూగి, ఇది కూడా కొత్త పద్ధతిలో భాగమేమోనని ఫోన్లలో వీడియో తీసుకున్నారు. చివరికి తమ్ముడు తలెత్తి, "ఎముక కొంచెమే పోయిందక్కా. స్క్రూలు గట్టిగా ఉన్నాయి" అన్నాడు. వాడి కంటే ముందు నేనే ఏడ్చాను.

సోమవారం వాడు క్లినిక్ మూసేసి మాతో బ్యాండు గదికి వచ్చాడు. ఖాళీ కుర్చీలు, సంగీతం కాగితాలు పెట్టే ఇనప స్టాండ్లు, నేల మీద తుడిచిన తడి. బ్యాండ్ మాస్టారు పొట్టి మనిషి, మాట మెత్తన. "నీకొచ్చిందే వాయించు. తొందరేం లేదు" అన్నారు.

మా ఆయన క్లారినెట్ జోడించి, రీడ్ తడిపి, పెదవులకు ఆనించుకున్నారు. మొదటి స్వరం వచ్చింది. ఎన్నాళ్ళకో విన్నానేమో, ఒళ్ళు జలదరించింది. రెండో వరుస కూడా బాగానే నడిచింది. తరవాత పెదవుల మూలల్నుంచి గాలి పోవడం మొదలైంది. స్వరం కీచుమంది. ఆయన ఆగి, పెదవి తడుపుకుని, మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఇంకా ముందే కీచుమంది. గడ్డం వణుకుతోంది. మూడోసారి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు.

బ్యాండ్ మాస్టారు దగ్గరికొచ్చి, "ఏదీ, నోరు చూడనీ" అన్నారు. చూశారు. "పళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. పెదవులే పోయాయి."

తమ్ముడు కంగారుగా ముందుకొచ్చాడు. "పెదవులకేమైందండీ? గాయం లేదు, వాపు లేదు."

"గాయం కాదు డాక్టరుగారూ. రోజూ వాయించే పెదవికి ఒక పట్టుంటుంది. ఏడాదికి పైగా మానేస్తే ఆ పట్టు పోతుంది. మళ్ళీ వస్తుంది, రాదనను. ఆర్నెల్లో, ఏడాదో. అప్పటిదాకా కుర్చీ ఖాళీగా ఉంచడం నా చేతుల్లో లేదు." మాస్టారు మా ఆయన వైపు తిరిగారు. "అసలు ఇన్ని నెలలు ఎందుకు మానేశావయ్యా? పళ్ళు పెట్టించుకుని చాలా కాలమైందిగా."

మా ఆయన ఏదో సర్దిచెప్పబోయారు. తమ్ముడు అడ్డుపడ్డాడు.

"నేనే వద్దన్నానండీ. నా వల్లే. ఆ రెండు పళ్ళ మధ్య చిన్న సందు ఉండేది. దాన్ని పూడుద్దామని."

మాస్టారు జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, మా ఆయన నోటి దగ్గరికి వంగి చూశారు.

"ఎక్కడ?" అన్నారు.

"ఇప్పుడు లేదండీ. వాపు తగ్గాక మళ్ళీ వస్తుంది."

"వస్తే ఏమవుతుంది?"

ఎంత చదువు, ఎన్ని పద్ధతులు, ఎన్ని ఫొటోలు. అన్నీ ఉన్న మా తమ్ముడు ఇనప స్టాండు పట్టుకుని నిలబడిపోయాడు. మా ఆయనే లేచి, క్లారినెట్ ముక్కలు విప్పి, తడి తుడిచి, పెట్టెలో సర్ది, "నడు బామ్మర్దీ, ఆకలేస్తోంది" అన్నారు.

ఆ మధ్యాహ్నమే తమ్ముడు పెద్ద ప్రొఫెసరుకు ఫోన్ చేశాడు. అది మొన కాదని, వాపని, మహాసభకొచ్చిన వాళ్ళందరి ముందు ఒప్పుకుంటానని చెప్పాడు. ఆయన ఓపిగ్గా విని, ఇంత వినయం ఈ కాలం కుర్రాళ్ళలో అరుదని మెచ్చుకున్నారట. పద్ధతికి పేరు పెట్టేశామని, నేర్చుకోవడానికి జనం చేరిపోయారని, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే అందరి పరువూ పోతుందని కూడా అన్నారట. వాడు ఇంకా ఇద్దరు ముగ్గురు డాక్టర్లకు ఫోన్ చేశాడు. ఒకాయనైతే తన పేషెంటుకు కూడా సందు పూర్తిగా పూడిందని, రక్తప్రసరణ కూడా మొదలైందని సంతోషంగా చెప్పాడు. ఇప్పుడు ఎక్కడ ఎవరు పళ్ళు తోముకోక చిగురు వాచినా దానికి నా పుట్టింటి పేరే. మా నాన్న ఉండుంటే ఏమనేవారో తెలియదు.

మా ఆయన స్టోరు గదిలోకి మారారు. బెల్టులు, టోపీలు, బూట్లు కొలత చూసి ఇస్తారు. ఆ పనీ శ్రద్ధగానే చేస్తున్నారు. నోట్లో త్రికోణం తిరిగొచ్చింది, దాని మానాన అది ఉంది. వాసన పోయింది. సాయంత్రం ఇంటికి రాగానే వంటింటి గుమ్మంలో నిలబడి క్లారినెట్ పట్టుకుంటారు. గాలి పోయేదాకా వాయించి, ఆగి, మళ్ళీ వాయిస్తారు. తమ్ముడు క్లినిక్ నుంచి తిన్నగా వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటాడు. రమ్మని ఎవరూ పిలవలేదు, వద్దనీ అనలేదు.

మొన్న ఆయన చాలాసేపు వాయించారు. ఇదివరకంతా రెండు వరుసల దగ్గర ఆగిపోయేది, మొన్న పాట సగం దాకా వచ్చింది. ఆ తరవాత పెదవి అదిరింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చాలు బావా. నొప్పెడుతుంది" అన్నాడు తమ్ముడు.

"నొప్పేం లేదు రా. నా కుర్చీలో కొత్తాయన చేరాడు. ఇవాళ స్టోరు కిటికీలోంచి విన్నాను."

"బాగా వాయించట్లేదా?"

"బాగా వాయిస్తున్నాడు" అన్నారు మా ఆయన.

తమ్ముడు తల దించుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను, వాణ్ణి ఓదార్చలేదు.